డాలు దించిన అక్క

వీడియో గేముల మీద సమీక్షలు రాయడం చిజురు ఉద్యోగం. ఆ ఆదివారం మధ్యాహ్నం ఒసాకాలోని తన గదిలో కూర్చుని, ఇద్దరు కలిసి ఆడే కొత్త వేట ఆటని తమ్ముడు షుంపేతో ఆడుతోంది. వాడు దూరంగా, జపాను ఈశాన్యాన ఉన్న సాన్రికు సముద్రతీరంలో, తామిద్దరూ పుట్టిన ఊళ్లోనే, రేవు పక్కన ఒంటరిగా ఉంటున్నాడు.

ఆటలోంచే మాట్లాడుకోవచ్చని, తోడు ఆడే మనిషి పక్కనే ఉన్నట్టు వినిపిస్తాడని సమీక్ష చిత్తుప్రతిలో మెచ్చుకుంది. షుంపే నారింజ తొక్క వలుస్తున్న చప్పుడు కూడా తెలుస్తోంది. లోపాల దగ్గర మాత్రం గట్టిగానే కడిగేసింది: వేట మధ్యలో ఆపడానికి వీల్లేదు, ఒక్కరు చచ్చినా ఇద్దరి ఆటా మూసుకుపోతుంది, మాటలూ తెగిపోతాయి. ఇంత దిక్కుమాలిన ఏర్పాటు ఎవడికి తట్టిందో!

"డాలు ఎత్తక్కా! నీకు జీతం ఇచ్చేది దీనికేనా?"

"నోరు మూసుకుని ఆ ఎలుగు కాలు నరకరా."

అంతలో వాడి ఫోను కీచుమంది. భూకంపం హెచ్చరిక. గిన్నెలు గలగలమన్నాయి, ఏదో బరువైనది దభీమని కూలింది. తెర మీద వాడి వీరుడు కొయ్యలా నిలబడిపోయాడు. ఎలుగు వాడి మీదికే వస్తోంది.

చిజురు తన వీరుణ్ణి వాడికి అడ్డంగా నిలబెట్టి డాలెత్తింది. ఒంటిచేత్తో ఫోను చేస్తే కలవలేదు. ఇప్పుడు వాడికీ తనకూ మధ్య ఉన్నది ఈ ఆటొక్కటే.

"షుంపే! పలకరా!"

"బల్ల కిందున్నా. దెబ్బలేం తగల్లేదు."

వాడి వెనక ఊరి మైకు మోగడం వినిపించింది. సునామీ వస్తోంది, ఎత్తైన చోటికి పరుగెత్తండి.

"విన్నావా? లే, పరుగెత్తు!"

"కాళ్లు రావట్లేదక్కా. మళ్లీ ఊగుతోంది. నువ్వు మాట్లాడుతూ ఉండు, నీ గొంతు వింటుంటే భయం తగ్గుతోంది."

అప్పుడు తట్టింది చిజురుకు. తోడు ఉంటున్నాననుకుంటూ వాణ్ణి అక్కడే కూర్చోబెడుతోంది తనే.

"నానమ్మ ఏం చెప్పేదిరా?"

"సముద్రం వస్తే... ఎవరి కోసమూ ఆగొద్దని."

"మరి నాకోసం ఎందుకాగావు?"

"అక్కా, వద్దు..."

చిజురు డాలు దించేసి పక్కకు తప్పుకుంది. ఎలుగు పంజా వాడి మీద పడింది. ఆట మూసుకుపోయింది, వాడి గొంతు తెగిపోయింది.

టీవీలో నల్లటి నీళ్లు రేవు గోడ దాటుతున్నాయి. ఏ వీధి మునిగిందో చెప్పేవాళ్లు లేరు. వాడు లేచాడా, లేక ఆ చీకటి తెరని చూస్తూ బల్ల కిందే ఉండిపోయాడా? చివరి క్షణంలో తోడు కూడా లేకుండా చేశానా? చిజురు వాడి నంబరు మళ్లీ మళ్లీ నొక్కుతూనే ఉంది.

పొద్దు వాలుతుండగా తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. గాలి హోరు, జనం గోల, ఎవరిదో పసిపిల్ల ఏడుపు.

"కొండ మీది బడిలో ఉన్నా. ఇది ఎవరిదో ఫోను." షుంపే ఇంకా ఆయాసపడుతున్నాడు. "నన్ను చంపేశావు కదక్కా."

"అవున్రా, చంపేశాను," అంది చిజురు.