లోపల వదిలిన గుడ్డ

దర్జీ మెడలోంచి టేపు స్నానానికి వెళ్ళేటప్పుడు తప్ప దిగేది కాదు. అందుకే వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన టేపు మామయ్య. నలభై ఏళ్ళ పనిలో ఆయన తప్పని నియమం ఒకటుంది. ఆడవాళ్ళ కొలత పైకి చదవడు. చూస్తాడు, పుస్తకంలో రాస్తాడు, పుస్తకం మూస్తాడు. "ఎంతొచ్చింది మామయ్యా?" అని ఎవరైనా అడిగితే, "గుడ్డ సరిపోతుందిలేమ్మా" అంటాడు. అడిగినవాళ్ళు కూడా హమ్మయ్య అనుకుని వెళ్ళిపోతారు.

తర్వాత వదులు చేసుకోడానికి వీలుగా అందరి జాకెట్లకూ లోపల అరంగుళం గుడ్డ వదిలేవాడు. భార్య జాకెట్లకు మాత్రం అంగుళం పావు. అది ఆయన మురిపెం.

నాలుగేళ్ళ కింద ఆవిడ మోకాళ్ళు పట్టేశాయి. వాళ్ళుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మొదట కూరగాయలకు దిగడం మానేసింది. తర్వాత పక్కవీధి చెల్లెలింటికి వెళ్ళడం మానేసింది. ఆ చెల్లెలు పోయాక దిగడానికి పనే లేకపోయింది. ఆయాసానికి వాడే మాత్రలు ఆకలిని రేపేవి. రాత్రి నొప్పికి నిద్రపట్టక, పగలు కిటికీ దగ్గర కుర్చీలో కునికేది. సాయంత్రం ఆయన కొట్టు మూసి వస్తూ బేకరీలో రెండు తీపి బన్నులు పట్టుకొచ్చేవాడు. రోజంతా గోడల మొహం చూసిన మనిషికి ఉత్తచేతులతో ఎదురుపడటానికి ఆయనకు మనసొప్పేది కాదు.

జాకెట్టు చంకల దగ్గర పట్టేస్తున్నట్టు ముందు కనిపెట్టింది ఆయనే. ఇస్త్రీకని కొట్టుకు తీసుకెళ్ళి, కుట్టు విప్పి, పావంగుళం అంచు వైపు జరిపి మళ్ళీ కుట్టాడు. పాత సూదిబెజ్జాలు కనపడకుండా ఇస్త్రీపెట్టెతో గట్టిగా అదిమాడు. ఏడాదికోసారి అదే పని. ఆవిడ తొడుక్కుని అద్దంలో చూసుకుని, "చూశారా, పిసరంత మార్పు లేదు" అనేది.

"నీకేమే, మహారాణివి" అనేవాడాయన.

మోకాలి ఆపరేషన్ చేయించుకుందామని ఇద్దరూ ఆస్పత్రికి వెళ్ళారు. మెట్లు దిగడానికే అరగంట పట్టింది. డాక్టరమ్మ ఆవిడను తూకం మిషను ఎక్కించింది.

"ఎనభై తొమ్మిది. పాత చీటీలో డెబ్బై ఆరుంది. ఎనభైకి రండమ్మా, అప్పుడు చేస్తాను. ఈ బరువుకీ మీ ఆయాసానికీ మత్తు ఇవ్వలేం."

ఆవిడ నవ్వేసింది. "మీ మిషనుకి మతిపోయిందమ్మా. ఈ జాకెట్టు నాలుగేళ్ళ నాటిది. ఇవాళ్టికీ అచ్చు గుద్దినట్టుంది. కావాలంటే ఈయన్నడగండి, కుట్టిన మనిషి!"

డాక్టరమ్మ ఆయన వైపు తిరిగింది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా గడగడా మాట్లాడగల మనిషికి ఆ రోజు ఖాళీ నోరు పెగల్లేదు. టేపు కొసను వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

"ఇది తిండి ఒక్కదాని వల్ల కాదు పెద్దాయనా," అంది డాక్టరమ్మ. "నడక ఆగింది, నిద్ర లేదు, మాత్రలున్నాయి, వయసుకు కండ కరుగుతుంది. ఆవిడ తప్పేం లేదు. రెండు కిలోలు పెరిగినప్పుడే వచ్చుంటే ఏదో ఒకటి చేసేవాళ్ళం. ఇంట్లో ఎవరూ చూడలేదా?"

ఇంటికొచ్చాక ఆయన కుట్లు జరిపిన సంగతి చెప్పేశాడు. ఆవిడ జాకెట్టు తిరగేసి కిటికీ వెలుతురుకు పట్టింది. పాత కుట్ల బెజ్జాలు వరసగా కనిపించాయి. వేలితో ఒక్కో వరసా తడిమింది. నాలుగు.

"బన్నులు తెచ్చిందీ మీరే, కుట్లు విప్పిందీ మీరే. మధ్యలో నేనెక్కడున్నానండీ?"

"బాధపడతావని..."

"కొట్టుకొచ్చే ఆడవాళ్ళకు చెప్పకపోతే అది మీ వ్యాపారం. నేనూ మీకు గిరాకీనేనా?"



మర్నాటి నుంచి బన్ను బందయింది. టీలో చక్కెర పోయింది. ఆవిడ కుర్చీలో కూర్చునే కాళ్ళు ఎత్తి దించేది. తలుపు నుంచి కిటికీ దాకా పద్నాలుగు అడుగులు. ఆయన చెయ్యి పట్టుకుని నడుస్తూ ఏడో అడుగు దగ్గర ఆగి, "ఇక్కడో కుర్చీ వేయించండి, టిక్కెట్టు నేను కొనుక్కుంటా" అని రొప్పుతూనే నవ్వేది. రెండు నెలలకు రెండు కిలోలు తగ్గింది. ఆయన కొట్టులో ఎవరికీ చెప్పకుండా ఆ సంతోషాన్ని జేబులో పెట్టుకు తిరిగాడు.

మూడో నెల ఆయాసం తిరగబెట్టింది. మాత్రలు రెండింతలయ్యాయి. పోయిన రెండు కిలోలూ ఇంకో రెండింటిని వెంటబెట్టుకుని వచ్చాయి.

"మాత్ర ఆపితే ఊపిరాడదు. వేస్తే బరువు తగ్గదు. ప్రస్తుతానికి ఆపరేషన్ మాట వదిలేద్దాం" అంది డాక్టరమ్మ. ఆమె గొంతులో విసుగు లేదు, చేతిలో దారీ లేదు.

నడిస్తే తగ్గుతుంది. తగ్గితేనే ఆపరేషన్ చేసి నడిపిస్తారు. ఎంత బిగుసుకున్న కుట్టైనా ఏ దారం లాగితే విడుతుందో ఇట్టే చెప్పే ఆయనకు, ఇందులో దారం కొస దొరకలేదు.

ఒకరోజు పొద్దున ఆవిడ జాకెట్టు హుక్కు పెట్టబోయి ఆగిపోయింది.

"ఇస్త్రీకని పట్టుకెళ్ళకండి. ఇక్కడే కొలవండి. పైకి చదవండి."

ఆయన టేపు చుట్టాడు. చూశాడు. అలవాటు కొద్దీ చెయ్యి పుస్తకం కోసం వెతికింది.

"చదవమన్నాను."

"నలభై నాలుగు."

"కిందటిసారి?"

"నలభై మూడు."

ఆవిడ తలూపింది. ఆయన జాకెట్టు తిరగేసి చూశాడు. లోపల మిగిలింది కుట్టు నిలవడానికి సరిపడా పావంగుళమే. అతుకు వేద్దామని గుడ్డముక్కల సంచీ నేలమీద గుమ్మరించి వెతికాడు. ఆ రంగు ఎక్కడా లేదు. ఒక ముక్క తీసి పక్కన పెట్టి చూశాడు, తీసేశాడు, ఇంకోటి పెట్టాడు.

ఆవిడ కిటికీలోంచి కింద వీధిని చూస్తోంది. తన ఈడు మనిషే ఒకావిడ సంచీ ఊపుకుంటూ రోడ్డు దాటుతోంది.

"ఏ రంగైనా వేసెయ్యండి. నేను కిందికి దిగితే కదా ఎవరైనా చూసేది."

ఆయన రెండో ముక్క కూడా తీసేసి, మూడోదాని కోసం సంచీలో చెయ్యి పెట్టాడు. సంచీ ఖాళీ అయిందని ఆయనకు తెలుసు.