ముందు నడుము చూడాలి

వాన అప్పుడే వెలిసింది. కిటికీ పక్కన రాతబల్ల మీది దీపం చుట్టూ రెక్కల పురుగులు మూగాయి. అత్తగారు బల్ల కింద చెయ్యి పెట్టి చూస్తే వేళ్ళకి సన్నటి చెక్కపొడి అంటింది.

"ఇంకేముంది, చెదలు! ఇల్లంతా పాకకముందే రేపు ఈ బల్ల బయట పడేయాల్సిందే."

కొత్త కోడలు బల్లకి అడ్డంగా నిలబడింది. పుట్టింటి నుంచి ఆమె పట్టుబట్టి తెచ్చుకున్నది ఈ బల్ల ఒక్కటే. కలప కోతలో బతుకు గడిపిన నాన్న, ఆమె కాలేజీలో చేరినప్పుడు తన చేత్తో చేసిచ్చాడు. ఆయన ఇప్పుడు లేడు. సొరుగు మాత్రం అచ్చం ఆయనలాగే మొండిది, బతిమాలితే గానీ తెరుచుకోదు.

"ఆగండత్తయ్యా, ముందు నడుము చూడాలి."

"ఎవరి నడుమే?"

"పురుగుది! మా నాన్న చిన్నప్పుడు అడవికి తీసుకెళ్ళి, పడిపోయిన మానుల దగ్గర చూపించేవాడు. సన్న నడుము, ముందు రెక్కలు పెద్దవి అయితే చీమ. ఒళ్ళంతా ఒకటే లావు, నాలుగు రెక్కలూ ఒకే కొలత అయితే చెద. 'అచ్చం మీ మేనత్తలాగా' అని నవ్వేవాడు. చెద చెక్కను తింటుంది. చీమ తినదు, గూటికోసం తొలిచి పొడి బయటికి తోస్తుంది."

చెబుతుంటేనే తడిసిన మాను వాసన, నాన్న చొక్కాకి అంటిన రంపపు పొట్టు వాసన ముక్కుకి తగిలినట్టయింది. ఒక పురుగుని తెల్లకాగితం మీదికి ఎక్కించింది. దారంలాంటి నడుము!

"చీమే! దీపానికొచ్చిన చుట్టాలు, అంతే!"

"చీమే పొడి తోస్తుందని నువ్వే అంటివి. అంటే బల్ల లోపల కాపురం పెట్టాయన్నమాటేగా?"

నాన్న మాటే నాన్న బల్లకి ఎసరు పెట్టింది.

అప్పుడే లోపలికొచ్చిన భర్త గుమ్మంలో గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఆ పొడి చీమలది కాదు."

"మరెవరిదిరా?"

"నాది." చెవులు ఎర్రబడ్డాయి. జేబులోంచి గరుకు కాగితం ముక్క తీశాడు. "రోజూ సొరుగుతో కుస్తీ పడుతోందని, తను స్నానానికెళ్ళినప్పుడల్లా కాస్త కాస్త రుద్దుతున్నా. చెప్పకుండా నునుపు చేద్దామని..."

"ఊడవడం చేతకాదు గానీ, వడ్రంగమొకటి!" అత్తగారు నవ్వు ఆపుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కోడలు సొరుగు లాగింది. సగందాకా హాయిగా వచ్చి, ఎడమ మూల పట్టేసింది.

"రేపు అది కూడా రుద్దేస్తా," అన్నాడతను.

"వద్దు. ఆ మొండితనం నాన్నది, ఉండనీ," అంది ఆమె, కిటికీ తెరిచి కాగితం మీది చీమను బయటికి వదులుతూ.