వార్నిష్ పట్టని చోటు

ఆమోసు గరాజ్‌లో కారుకి చోటు లేక చాలా ఏళ్ళయింది. అందులో దెలీలా ఉంటుంది. దెలీలా అంటే మనిషి కాదు, అరవై ఏళ్ళు దాటిన రేసు పడవ. హైడ్రోప్లేన్ అంటారు. వేగం అందుకుంటే అది నీళ్ళలో ఈదదు, నీళ్ళ మీద ఆనీ ఆనకుండా పోతుంది. ముందున్న రెండు చెక్క కాళ్ళ కొసలూ, వెనక తిరిగే ప్రొపెల్లరూ మాత్రమే తడుస్తాయి. అమెరికాలో వాళ్ళుండే బెంటన్‌విల్ అవతల ఎవరో ముసలాయన పోతే, పిల్లలు ఆయన షెడ్డు ఖాళీ చేస్తూ పారేయబోతుంటే, ఆమోసు ట్రెయిలర్ కట్టుకుని వెళ్ళి తెచ్చుకున్నాడు. పక్కన ఎర్రరంగులో ఆ పేరు అప్పటికే రాసి ఉంది.

"పేర్లే దొరకలేదా వాళ్ళకి? బైబిల్లో సమ్సోను జుట్టు గొరిగించినదాన్ని తెచ్చి ఇంట్లో పెట్టారు," అంది ఆ రోజు భార్య దేవకుమారి. "మీకున్న నాలుగు వెంట్రుకలూ జాగ్రత్త."

అలా దెప్పిన మనిషి మొన్న ఫిబ్రవరిలో క్యాన్సర్‌తో పోయింది.

ఆమోసు ఏడవలేదు. సమాధి దగ్గర వచ్చినవాళ్ళకి కుర్చీలు సర్దాడు. ఆదరణ కూడికలో మైకు మొరాయిస్తే తనే లేచి వెళ్ళి వైరు బాగుచేశాడు. తెలుగు చర్చి సంఘంలో మగవాళ్ళు గట్టి గుండె అన్నారు. ఆడవాళ్ళు అసలు గుండే లేదన్నారు, అదీ అతనికి వినపడేంత దూరంలోనే. అతనికి కోపం రాలేదు. నిజం చెప్పాలంటే అతని అనుమానమూ అదే. అన్నేళ్ళు కాపురం చేసిన మనిషి పోతే ఒంట్లో ఎక్కడా నొప్పి పుట్టకపోవడమేమిటి? పన్ను పీకే ముందు పొడిచే మత్తు ఇంజక్షన్ ఒళ్ళంతా పాకినట్టుంది. ఎప్పుడో దిగుతుందని కాచుక్కూచున్నాడు, దిగలేదు. అసలు తను ఆమెని ప్రేమించాడా లేదా అని కూడా అనుకున్నాడు. అనుకుని, అన్నం తిని, పడుకున్నాడు.

పడవ పని మాత్రం ఆగలేదు. చేతులకి అలవాటైన పని, మనసుతో అవసరం లేదు. ఈ శనివారం సరస్సులో పాత రేసు పడవల పండగ. దెలీలా ఆ రోజు నీళ్ళలోకి దిగాలి. నడిపేది కూతురు జోసఫిన్. గరాజ్‌లో తండ్రి వెనకాల తిరుగుతూ పెరిగిన పిల్ల, కాలేజీ రోజుల్లోనే చిన్న రేసు పడవలు తోలడం నేర్చుకుంది. గంటకి తొంభై మైళ్ళ వేగం. తల్లికి ఈ వ్యవహారం ససేమిరా ఇష్టం లేదు. వద్దని మొత్తుకుంది కూడా. తండ్రీ కూతుళ్ళిద్దరూ తలలూపి మళ్ళీ గరాజ్‌లోకి వెళ్ళేవాళ్ళు.

మిగిలింది అడుగు పలక ఒక్కటే. పుచ్చిపోయిన పాతది పీకేసి కొత్త ప్లైవుడ్ పోయినేడే వేశాడు గానీ, ఆసుపత్రుల చుట్టూ తిరగడంలో దానికి వార్నిష్ పడలేదు. సీటు కూడా ఇంకా బిగించలేదు. సోమవారం వార్నిష్ వేశాడు. అంతటా చక్కగా పరుచుకుంది. సీటు వచ్చే చోట మాత్రం ముడుచుకుని పక్కకి జరిగిపోయింది. థిన్నర్‌తో తుడిచి, ఉప్పుకాగితంతో రుద్ది, మళ్ళీ వేశాడు. నూనె మూకుట్లో నీళ్ళు పోసినట్టు మళ్ళీ విడిపోయింది. ఈసారి ఆ మచ్చకి ఒక ఆకారం కూడా కనిపించింది. నాలుగు వేళ్ళు, ఎడంగా బొటనవేలు. ఎవరో బుద్ధిలేనివాళ్ళు జిడ్డు చెయ్యి తెచ్చి ఆనించారని విసుక్కున్నాడు. ఆ విసుగు కూడా పైపైనే.

అలా వదిలేయడానికి లేదు. వార్నిష్ లేని చోట చెక్క నీళ్ళు తాగుతుంది. తాగితే ప్లైవుడ్ పొరలు విడిపోతాయి. అంత వేగంలో అడుగు ఊడితే, సరిగ్గా దాని మీద కూర్చుని ఉండేది జోసఫిన్.

గురువారం సాయంత్రం ఆఫీస్ నుంచి జోసఫిన్ భోజనం పట్టుకుని వచ్చేసరికి అతను పడవలోకి వంగి ఉన్నాడు. చేతిలో థిన్నర్ గుడ్డ ఉంది. ఆ పిల్ల తొంగిచూసి, డబ్బా కింద పెట్టేసి, అతని మణికట్టు పట్టుకుంది.

"డాడీ, వైప్ చేయొద్దు. అది మమ్మీ చెయ్యి."

ఆమోసు అర్థంకానట్టు చూశాడు.

"లాస్ట్ నవంబర్‌లో. మీరు ఆఫీస్‌లో ఉన్నారు. మమ్మీ నన్ను పట్టుకుని ఇక్కడిదాకా నడిచింది. ప్రేయర్ ఆయిల్ తెచ్చింది. నువ్వు ఎక్కడ కూర్చుంటావు అని అడిగింది. నేను చూపించాను. చెయ్యి నిండా ఆయిల్ పోసుకుని అక్కడ పెట్టి ప్రే చేసింది. చాలా సేపు."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీరు తిడతారు అంది. వుడ్‌కి ఆయిల్ తగలకూడదు అంటారు కదా, ఆల్వేస్."

"ఏమని చేసింది ప్రార్థన?"

"నన్ను సేఫ్‌గా ఉంచమని. ఇంకా, ఈ ఇంట్లో నా మాట ఎవరూ వినరు ప్రభువా, నువ్వన్నా విను అంది."

అచ్చం దేవకుమారి మాటే. నవ్వు రావలసిన చోటే గానీ ఆమోసుకి నవ్వు రాలేదు. అతని బుర్ర పని గురించే ఆలోచించింది. దేవకుమారికి ప్రార్థన తెలుసు, వార్నిష్ తెలియదు. పిల్లని కాపాడమని పెట్టిన చెయ్యే పిల్ల కింద చెక్కని పాడుచేస్తుంది.

"నేను డ్రైవ్ చేయను డాడీ," అంది జోసఫిన్. "దెలీలాని ఇలాగే గరాజ్‌లో ఉంచేద్దాం. మమ్మీది ఇంకేం లేదు మన దగ్గర."

అదీ నిజమే. చీరలు సంఘంలోవాళ్ళకి ఇచ్చేశాడు. నూనె సీసా కూడా ఎవరో తీసుకెళ్ళారు. పడవని కదపకపోతే ఆ చెయ్యి ఎన్నాళ్ళయినా అక్కడే ఉంటుంది. ఆమోసు గుడ్డ పక్కన పెట్టి, ఇంకాస్త వంగి, ఆ మచ్చ మీద తన అరచెయ్యి ఆనించాడు. మచ్చ పూర్తిగా కనపడకుండా పోయింది. ఒక్క వేలు కొస కూడా బయటికి రాలేదు.

"ఇంత చిన్నదా మీ అమ్మ చెయ్యి," అన్నాడు.

రోడ్లు దాటేటప్పుడు పట్టుకున్నాడు, ఆసుపత్రి మంచం పక్కన పట్టుకున్నాడు. ఎంత చిన్నదో ఎప్పుడూ చూడలేదు. మత్తు ఎక్కడో కొంచెం కదిలినట్టయింది, అంతే. కాసేపటికి చెయ్యి తీసేశాడు.

"గరాజ్‌లో కూర్చోడానికి పెట్టలేదమ్మా ఆమె ఈ చెయ్యి. ఎవరెన్ని చెప్పినా నువ్వు నీళ్ళ మీదికి వెళ్తావని తెలిసి పెట్టింది."

గుడ్డ అందుకుని తుడవడం మొదలుపెట్టాడు. జోసఫిన్ గోడవైపు తిరిగి నిలబడింది. నూనె లోతుగా దిగింది, ఓ పట్టాన వదల్లేదు. తుడిచి, రుద్ది, మళ్ళీ తుడిచాడు. చిటికెనవేలు అన్నిటికన్నా ఆఖరున పోయింది. ఆరాక వార్నిష్ వేస్తే ఏ అడ్డూ లేకుండా పరుచుకుంది. ఆమోసుకి అప్పుడూ ఏడుపు రాలేదు.

శనివారం సంఘమంతా పులిహోర డబ్బాలతో సరస్సు ఒడ్డుకి వచ్చింది. పాస్టర్ సైలస్ గారు ప్రార్థన చేసి, కొత్త ఇళ్ళకీ కార్లకీ దీవెనగా రాసినట్టే రాద్దామని, జేబులోంచి నూనె సీసా తీసి పడవ దగ్గరికి నడిచారు.

"నూనె వద్దు అయ్యగారూ," అన్నాడు ఆమోసు అడ్డం వచ్చి.

"ఏం, చెక్కకి పడదా?"

"పడదండి. అదీ కాక, ఆ పని అయిపోయింది. దేవకుమారి చేసేసింది."

ఫిబ్రవరి తరవాత ఆ పేరు అతని నోట రావడం అదే మొదలు. సైలస్ గారు సీసా జేబులో వేసుకుని అతని భుజం పట్టుకున్నారు. అవతల జోసఫిన్ హెల్మెట్ బిగించుకుని ఇంజన్ స్టార్ట్ చేసింది.

దెలీలా నీళ్ళ మీద లేచి పోతుంటే సంఘమంతా ఒడ్డున నిలబడి చూసింది. ఏళ్ళ తరబడి దాన్ని బాగుచేసిన ఆమోసుకి మాత్రం ఏమీ కనపడలేదు. తుడుచుకున్నకొద్దీ కళ్ళు మళ్ళీ నిండిపోతున్నాయి.