నిలబడి వేసిన సముద్రం

అక్క గోడకు మొదటి పూత వేసిన రోజు నాకు సంతోషమే కలిగింది. ఆ సంగతి ముందే చెప్పాలి. లేకపోతే తరువాతదంతా నా కృతఘ్నతలా కనిపిస్తుంది.

నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి. మూడో అంతస్తు నుంచి లిఫ్టు గుంతలో పడ్డాక మెడ కింది శరీరం నా మాట వినడం మానేసింది. గొంతులో చిన్న గొట్టం పెట్టారు. ఊపిరి దానిలోంచి వస్తుంది, పోతుంది; మాట మాత్రం రాదు. ఇక మిగిలినవి కళ్లు. ఒకసారి మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు. అక్షరాల పలక ఇచ్చి ఇంకో పద్ధతి నేర్పుతామని ఆసుపత్రివాళ్లు అన్నారు, అది ఇంకా రాలేదు. కాబట్టి అడిగినదానికి జవాబు చెప్పగలను. అడగనిది చెప్పలేను.

అక్క సముద్రాలు వేస్తుంది. హోటళ్ల గోడల మీద, పళ్ల డాక్టర్ల దగ్గర జనం కూర్చునే గదుల్లో, ఇరవై ఏళ్లుగా అదే పని. నన్ను తన ఇంటికి తెచ్చుకున్నాక, మంచానికి ఎదురుగా ఉన్న ఖాళీ గోడ చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"రోజంతా ఈ సున్నం చూస్తూ పడుకుంటే పిచ్చెక్కుతుందిరా. నీకో సముద్రం వేసిపెడతాను."

"ఏమోయ్ బామ్మర్దీ," అన్నాడు బావ గుమ్మంలోంచి, "పెళ్లయి పద్దెనిమిదేళ్లయింది. మా గదిలో చెంబుడు నీళ్లు కూడా వేయలేదు మీ అక్క."

"మీకు చెంబుతో నీళ్లు అందిస్తున్నాను, చాల్లెండి."

మూడో రోజున ఆమె గోడకు అడ్డంగా దారం పట్టి, ఆకాశానికీ నీటికీ మధ్య గీత గీసింది. పడుకున్న నాకు అది చాలా ఎత్తులో కనిపించింది. ఆ గీత కింద ఉండేదంతా నీరే కదా అనుకున్నాను. అనుకున్న క్షణంలోనే గొట్టంలో గాలి కాస్త సన్నగా కూసింది.

నాలుగో రోజున అల లేచింది. ఆ గీతను దాటి పైకి వెళ్లింది. "అలంతా ఒకే రంగు వేస్తే మళ్లీ గోడే అవుతుంది," అని తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు చెప్పింది అక్క. "కొన దగ్గర నీరు పలచబడుతుంది చూడు, అక్కడ వెలుగు లోపల్నుంచి రావాలి." అక్కడ ఆకుపచ్చ వేసి, తడి ఆరకముందే వేలితో పసుపురంగు మెదిపింది. నురగ తెల్లగా వేయలేదు. సగం బూడిదరంగు నీడే వేసి, అంచులకు మాత్రం తెలుపు తగిలించింది. వెలుగు కూడా మా కిటికీ ఉన్న ఎడమవైపు నుంచే పడుతున్నట్టు వేసింది. అందుకే సాయంత్రం నాలుగింటికి ఎండ గదిలోకి వచ్చి గోడ మీద పాకినప్పుడు, వేసిన వెలుగూ వచ్చిన వెలుగూ కలిసిపోయాయి. నీరు కదిలింది.

అది సిమెంటు మీద రంగని నాలో ఒకడికి తెలుసు. రెండోవాడు ఊపిరి బిగబట్టాడు. గుంతలో పడ్డప్పుడు నేను భయపడలేదు, అంత వ్యవధి లేదు. ఇప్పుడు వ్యవధి తప్ప ఇంకేమీ లేదు. పారిపోగలవాడి దగ్గర భయం కాళ్లలోకి దిగి ఖర్చయిపోతుంది. నా దగ్గర అది మెడ దాకా వచ్చి ఆగి, అక్కడే పేరుకుంటోంది.

ఊపిరి సరిగా అందుతోందో లేదో చూసేందుకు వేలికి తగిలించిన యంత్రం కూతపెట్టింది. ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు.

"కఫం అడ్డుపడిందా?" రెండుసార్లు మూశాను.

"నొప్పా?" రెండుసార్లు.

"రంగు వాసనా?" రెండుసార్లు.

"నా మొహమా?" అన్నాడు బావ. దానికీ రెండుసార్లే. "హమ్మయ్య, బతికాను."

అక్క నవ్వింది. నవ్వుతూనే, చేతిలోని కుంచె ఆడిస్తూ అడిగింది. "బొమ్మ నచ్చిందిరా?"

నచ్చింది. అంత నిజమైన నీటిని ఆమె ఎన్నడూ వేయలేదు. ఒకసారి మూశాను. అబద్ధం చెప్పి ఉంటే ఆ రోజే బయటపడేవాణ్ణి. నిజం చెప్పి తలుపు నేనే వేసుకున్నాను.

ఆ తరువాత రెండు రోజులు ఆమె మరింత ఉత్సాహంగా వేసింది. అల కడుపు లోపలికి వంగింది. నురగ వల సాగి ఆ వంపు వెంటే పైకి పాకింది. నేను కళ్లు మూసుకుంటే ఆమె నిద్రపోయానని అనుకునేది. మూసినా నీరు అక్కడే ఉండేది, పైగా ఎంత దగ్గరకు వచ్చిందో తెలిసేది కాదు. అందుకని తెరిచే ఉంచేవాణ్ణి. ఆఖరి మెరుపులు పెట్టగానే అల విరుగుతుందని నాకు నమ్మకం కుదిరింది. ఆ నమ్మకం పిచ్చిదని తెలియడం వల్ల అది ఏమీ తగ్గలేదు.

ఏడో రోజు పొద్దున అక్క సన్న కుంచె కడిగి తెచ్చింది. "ఇవాళ మెరుపులురా. మొదలుపెట్టనా?"

రెండుసార్లు మూశాను.

"అలిసిపోయావా?" రెండుసార్లు.

"ఇవాళ ఒక్కరోజుకే వద్దా?" రెండుసార్లు. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"అసలే వద్దా?"

ఒకసారి మూశాను.

"నచ్చిందన్నావు కదరా!" ఆమె గొంతు చిన్నపిల్ల గొంతైపోయింది. "నా కోసం ఊరికే అన్నావా?" నా జవాబు చూడకుండానే కుంచె నీళ్ల డబ్బాలో పడేసి, మంచానికి వీపు ఆనించి నేల మీద చతికిలబడింది. నాకు ఆమె జుట్టు పాపిట మాత్రమే కనిపిస్తోంది. ఏడుస్తోందనుకున్నాను.

తరువాత ఆమె చెయ్యి వెనక్కి వచ్చి మంచం కమ్మీని వెతికి గట్టిగా పట్టుకుంది.

బావ వచ్చాడు. "ఏమిటి, మేస్త్రీగారు నేల మీద దర్బారు తీర్చారు?"

"మీరూ ఇలా కూచోండి. కూచుని చూడండి."

కూర్చున్నాడు. గోడ వైపు తల ఎత్తాడు. "అమ్మో," అన్నాడు. "మీద పడేట్టుందే ఇది."

"గీత ఎప్పుడూ నా కళ్లెత్తున పెడతానండీ. హోటళ్లలో జనం నిలబడి చూస్తారు. నేను కూడా నిలబడే వేశాను." ఆమె మోకాళ్ల మీద నా వైపు తిరిగింది. "ఒరేయ్, ఇన్ని రోజులూ నువ్వు నీళ్ల కిందే ఉన్నావా?"

ఒకసారి మూశాను. వెంటనే తెరవలేకపోయాను.

"ఇలాంటి అల మళ్లీ పడదేమో," అన్నాడు బావ మెల్లగా. "ఒక ఫొటో అయినా తీయనా?"

"వద్దు. ఆ తెల్ల డబ్బా తెండి. పెద్ద కుంచె కూడా."

వెలుగు లోపల్నుంచి వచ్చే ఆ ఆకుపచ్చ కొనతోనే మొదలుపెట్టింది. కాస్త ఆకాశం వేయడం, వచ్చి నా దిండు పక్కన చెంప ఆనించి చూడడం, మళ్లీ లేవడం. మధ్యాహ్నం ఏం తిన్నదో, అసలు తిన్నదో లేదో తెలియదు. ఎండ వాలేసరికి గీత నా కళ్లెత్తు వైపు సగం దూరం దిగింది. ఆకాశం కింద అల నీడ ఇంకా కనిపిస్తూనే ఉంది.

"ఒక్క పూతకు మునగదురా. ఇది ఆరాలి, అప్పుడే ఇంకోటి. మిగతాది రేపు. భయపడకు, నేనిక్కడే కూచుంటాను."

బావ మందులకని వీధిలోకి వెళ్లాడు. అక్క నాకూ గోడకూ మధ్య పీట వేసుకుని నా వైపు తిరిగి కూర్చుంది. ఆమె వెనక నీరు. ఆమె భుజాలు ఆ నీటిలో ఉన్నాయి, తల మాత్రం గీత పైన, ఆకాశంలో ఉంది. అది చూసి కాసేపు నా ఊపిరి నెమ్మదించింది.

కానీ ఆమె పగలంతా లేస్తూ వంగుతూనే ఉంది. రెప్పలు బరువెక్కాయి. గడ్డం ముందుకు వాలింది. ముందు నోరు, తరువాత ముక్కు గీత కిందికి దిగాయి. ఉలిక్కిపడి తల ఎత్తింది, నన్ను చూసి నవ్వింది, మళ్లీ వాలింది. ఈసారి కళ్లు కూడా నీళ్లలోకి దిగాయి. నేను ఒకసారి మూశాను, రెండుసార్లు మూశాను, లెక్క లేకుండా మూస్తూ తెరుస్తూ ఉన్నాను. ఆమె చూడడం లేదు. పిలవడానికి నాకు గొంతు లేదు.