స్తంభం మీద ఉన్నదెవరు

ఆ పొద్దున మబ్బు గోపాల్‌పేట మీదికి దిగి, కురవకుండా అలాగే నిలబడిపోయింది. ముందురోజు గాలివానకు పదకొండు కరెంటు స్తంభాలు పడ్డాయి. వాటిని లేపి తీగలు కట్టాల్సిన తొమ్మిది మందిమి సబ్‌స్టేషన్ గేటు ముందు పని బంద్ పెట్టి నేల మీద కూర్చున్నాం.

మేం కాంట్రాక్టరు మనుషులం. స్తంభం ఎక్కేది మేమే. లైన్‌మన్ కురుమూర్తి సారు పర్మినెంటు, కింద నిలబడతాడు. ఆయన ఒక్కడి జీతం మా ఆరుగురి జీతం. మంచివాడే. అన్నం మాత్రం లోపలి గదిలో ఒక్కడే తింటాడు. కరెంటు ఆపించి, ఎక్కే మనిషి పేరు పుస్తకంలో రాస్తారు. పర్మినెంటు వాళ్ల పేరే రాయాలి. అందుకని పుస్తకంలో ఎప్పుడూ కురుమూర్తి సారే ఎక్కాడు. నిజంగా ఎక్కి పన్నెండేళ్లయింది.

పదిరోజుల కింద మాతో ఎక్కే సాంసన్ స్తంభం పైనుండగా ఆపిన తీగలోకి కరెంటు వచ్చింది. కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు. అతని భార్య రోజా పరిహారం కోసం ఆఫీసుకు పోతే, "సాంసన్ అనేటోడు మా స్తంభం మీద లేడమ్మా" అని పుస్తకం చూపించారు.

సాంసన్ హైదరాబాద్‌లో సెల్ టవర్ల కంపెనీలో ఇక్కడికి రెండింతలు సంపాదించేవాడు. వదిలేసి వచ్చాడు. "ఎన్నడో ఒకనాడు పర్మినెంట్ చేస్తరన్నా" అనేవాడు. మేమందరం ఆ ఒక్క మాట పట్టుకునే ఎక్కుతున్నాం. నాకిది పద్నాలుగో ఏడు.

కాసేపటికి రైతులు వచ్చారు.

"వరి పొట్టకొచ్చింది. మోటర్లు బందైతే మేమేం గావాలె? మీకు గిదే టైమ్ దొరికిందా?" అని బాలన్న అరిచాడు.

"సాంసన్ పేరు రాయమను బాలన్నా. గిప్పుడే ఎక్కుతం" అన్నాడు మాలో ఇమ్మానుయేల్.

"పేరు రాస్తే చెయ్యి మొలుస్తదా?"

"మొల్వదు. రేపు నా చెయ్యి పోతే, గాడ నేనుంటినని పుస్తకమన్న చెప్తది."

బాలన్న గేటు పక్కన రాయి మీద కూర్చున్నాడు.

ఇంజనీరు బయటికొచ్చాడు. "ఇష్టం లేకుంటే పోండ్రి. మీ జాగాల పనికి నలభైమంది ఉన్నరు." కురుమూర్తి వైపు తిరిగాడు. "నువ్వెక్కయ్యా. జీతం తీసుకుంటలేవా?"

"ఎక్కు సారూ! పుస్తకంల మస్తుసార్లు ఎక్కినవ్ గదా" అన్నాడు ఇమ్మానుయేల్.

నవ్వబోయినవాళ్లు ఆగిపోయారు. కురుమూర్తి బెల్టు కట్టుకుని గేటు పక్క స్తంభం ఎక్కసాగాడు. నాలుగడుగులకే ఆగాడు. స్తంభాన్ని కావలించుకుని కాసేపుండి, దిగాడు. రిటైర్మెంటుకు ఇంకా ఏడు నెలలుంది ఆయనకు.

లోపలికి పోయి పుస్తకం తెచ్చాడు. మా మధ్య నేల మీద పెట్టి, సాంసన్ చెయ్యి పోయిన నాటి పేజీ తీసి, తన పేరు కొట్టేసి, కింద రాశాడు. రాసింది పైకి చదివాడు.

"ఆ రోజు ఎక్కినది సాంసన్. నేను కింద ఉన్నాను. పన్నెండేళ్లుగా కిందనే ఉన్నాను."

"నీ పింఛన్ పోతది, తెల్సా?" అన్నాడు ఇంజనీరు.

"తెల్సు సార్."

పుస్తకం చేతులు మారింది. తొమ్మిది మందిమి ఏ ఊళ్లో ఎక్కామో రాసి, కింద పేర్లు పెట్టాం. చివర బాలన్న లేచి వచ్చాడు. "ఇటియ్యి. సాంసన్ ఎక్కింది నా పొలం కాడనే. నేను సూసిన." వంకర అక్షరాలతో సంతకం చేశాడు.

ఇంజనీరు పోలీసులకు ఫోన్ చేశాడు.

మధ్యాహ్నం రోజా గంపతో వచ్చింది. జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కు. వరసగా కూర్చున్నాం. కురుమూర్తి తన గది వైపు చూసి, వచ్చి ఇమ్మానుయేల్ పక్కన కూర్చుని చెయ్యి చాపాడు. రోజా ఆయన ముఖం చూసింది. కాసేపు ఆగి, రొట్టె పెట్టింది.

రోడ్డు మలుపులో జీపు చప్పుడు వినపడింది. ఎవరూ లేవలేదు. తిన్నాం.