రాసిస్తే వెళ్ళిపోతాం

నా భయాలన్నిటిలోకీ పెద్దది, నేను ముందు పోతానేమోనని. పాప పుట్టిన రోజు పట్టుకుంది ఈ భయం.

ఆ రోజు నాకు రక్తం ఆగలేదు. వెంటనే డబ్బు కట్టమన్నారు ఆసుపత్రివాళ్ళు. మా ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. వైరు కుర్చీలు అల్లుతారు. ఆయన జీతం పడే ఖాతాలో డబ్బుంది, చేతిలో కార్డు లేదు. చూపు లేనివాళ్ళకి కార్డు ఇవ్వరని ఖాతా తెరిచిన రోజే బ్యాంకువాళ్ళు చెప్పారట. పరుగున వెళ్ళేసరికి బ్యాంకు మూసేశారు. పక్క మంచం ఆమె భర్త డబ్బు కట్టాడు, ఆయన పుణ్యమా అని నేనింకా ఉన్నాను.

పాపకు ఐదో నెల రాగానే ముగ్గురం కార్డు అడగడానికి వెళ్ళాం. మేనేజరు మర్యాదస్తుడే. పాప కోసం ఫ్యాను కూడా పెంచాడు. కానీ మా ఆయన పేరూ, పనీ, వయసూ అన్నీ నన్నే అడిగాడు, ఆయన నేను వెంట తెచ్చుకున్న సంచీ అన్నట్టు. తర్వాత ఒక కాగితం నా ముందుకు జరిపాడు. ఖాతాలో నా పేరు కలుస్తుంది, కార్డు నాకిస్తారు, నేను లేకుండా ఆయన ఒక్కరూ డబ్బు తీయడానికి లేదు.

"పెత్తనం నీ చేతికొస్తుంటే ఏడుస్తావేంటే?" అని, బ్యాంకువాళ్ళు ఇలాగే అంటారని విన్న మా ఆడపడుచు ఇంటిదగ్గరే ఎగతాళి చేసింది. ఎనిమిదితో ఆగిన చదువు నాది. ఆ కాగితం కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాను.

"నేను పోతే?" అన్నాను.

"ఈ వయసులో ఆ మాటలెందుకమ్మా."

"ఐదు నెలల క్రితమే పోబోయాను సార్. నేను పోతే పాపకి పాలడబ్బా కొనడానికి ఈయన ఎవరి కాళ్ళు పట్టుకోవాలి?"

ఇదంతా ఆయన మంచికే, ఎవరైనా మోసం చేస్తారని మేనేజరు నచ్చజెప్పబోయాడు. అప్పుడు మా ఆయన నోరు విప్పారు.

"చూపున్నవాళ్ళు మోసపోవట్లేదా సార్? వాళ్ళ కార్డులు లాక్కుంటున్నారా?"

మేనేజరు మళ్ళీ నావైపే తిరిగాడు. "మీరైనా చెప్పండమ్మా ఆయనకి."

"ఆయన చెవులు బాగానే ఉన్నాయి సార్."

మా ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "సరే. చూపు లేదు కాబట్టి కార్డు ఇవ్వం అని ఆ మాటే కాగితం మీద రాసి, ముద్ర వేసివ్వండి. రాసిస్తే వెళ్ళిపోతాం."

మేనేజరు కలం తీశాడు. తేదీ వేశాడు. అక్కడే ఆగాడు. లావుపాటి ఫైలు తిరగేసి, పెద్దాఫీసుకి ఫోను చేస్తానని బయటికి వెళ్ళాడు. మూడుసార్లు లేవబోయాను. మా ఆయన నన్ను గాభరా అనే పిలుస్తారు. నా మణికట్టు పట్టుకుని, "గాభరా, లేవకు," అన్నారు. పాప ఏడిస్తే కుర్చీ గోడవైపు తిప్పుకుని పాలిచ్చాను. భోజనాల వేళయింది, మమ్మల్ని బయట కూర్చోమన్నారు. కదల్లేదు.

మేనేజరు మొహం తుడుచుకుంటూ వచ్చాడు. అలాంటి నిబంధనేదీ లేదట. వచ్చినవాళ్ళందరికీ నోటితోనే చెప్పి పంపేస్తున్నారు, రాసిమ్మని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఈసారి కార్డు దరఖాస్తు మా ఆయన ముందు పెట్టి, ఒక్కో వాక్యం చదివి వినిపించాడు. ఆయన వేలితో అంచు కొలుచుకుని సంతకం పెట్టారు. నేను దేనిమీదా పెట్టలేదు.

కార్డు వచ్చాక ఆయన ఒక్కరే మిషను గదిలోకి వెళ్ళారు. మీటలు తడిమి నొక్కుకున్నారు. నేను పాపనెత్తుకుని బయట నిలబడ్డాను. నంబరేంటని దారిలో అడిగితే, "నీకెందుకే?" అన్నారు. భయం పూర్తిగా పోలేదు కానీ, నేను పోయినా పాలడబ్బా ఆగదు.

మీ వీధిలో చూపు లేనివాళ్ళో, మాట రానివాళ్ళో, చెయ్యి వణికేవాళ్ళో ఉంటారు. ఈ వారం ఒకసారి వెళ్ళి పలకరించండి. మీ కార్డు ఎవరి దగ్గరుందని అడగండి. పక్కనున్నవాళ్ళు జవాబు చెబితే, మళ్ళీ ఆ మనిషినే అడగండి.