శంఖు గాజుల బిడ్డ

రావులపాలెం అవతల పల్లంరాజు గారి అరటితోటను ఇళ్ళస్థలాల కోసం చదును చేస్తుంటే పొక్లెయిన్ పళ్ళకి పాతకాలపు కుండలు తగిలాయి. పురావస్తు శాఖ వాళ్ళొచ్చి పని ఆపించి, తవ్వకానికి ఊళ్ళో ఆడవాళ్ళని కూలికి పిలిచారు. చిట్టెమ్మ కూడా వెళ్ళింది. అంతకుముందు ఏడాది వరదల్లో పడవ తిరగబడి కూతురు దుర్గాశ్రీని గోదారి మింగేసింది. అప్పట్నుంచీ భర్త భీమరాజు వల ముట్టడం మానేశాడు. ఇల్లు ఆమె రెక్కల మీదే నడుస్తోంది.

పిల్ల శవం దొరకలేదు. దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించారు. ఆ రోజు కూడా చిట్టెమ్మ ఏడవలేదు. "కళ్ళతో చూడందే చావేంటి?" అంది.

ఓ పొద్దున పెద్ద కుండలోని మట్టిని బ్రష్షుతో తీస్తుంటే చిన్న చిన్న ఎముకలు బయటపడ్డాయి. ఎవరో ముడుచుకుని నిద్రపోతున్నట్టే ఉంది. ముంజేతి ఎముకకి రెండు శంఖు గాజులు.

"ఏడెనిమిదేళ్ళ బిడ్డండి," అంది తవ్వకం చూస్తున్న ఆఫీసరు అశ్విని. "రెండువేల ఏళ్ళ పైమాటే."

"మా దానికీ ఏడేనండి," అంది చిట్టెమ్మ. "ఈ బిడ్డ తల్లి అదృష్టవంతురాలు. చేతులారా పడుకోబెట్టుకుంది," అంది.



సాయంత్రం ఎముకల్ని దూదిలో పొదిగి పెట్టెలో సర్దారు.

"ఎక్కడికండి?"

"రాజమండ్రి ఆఫీసుకండి."

"మళ్ళీ ఇక్కడే పెట్టరా?"

"ఇక్కడ ఇళ్ళు లేస్తాయి కదా, చిట్టెమ్మ గారూ."

"అయితే నేనూ వస్తానండి. ఒక్కదాన్నే ఎలా పంపను?"

అశ్విని కాదనలేక జీపెక్కించుకుంది. చిట్టెమ్మ పెట్టెను ఒళ్ళో పెట్టుకుంది. జీపు వంతెన మీదికి రాగానే, పిల్ల పోయాక మొదటిసారి, గోదారి వైపు తలతిప్పి చూసింది. వేసవి కావడంతో ఇసుక తిన్నెల మధ్య నీళ్ళు సన్నగా, ఏమీ ఎరగనట్టు పారుతున్నాయి.

"నా బిడ్డనేం చేశావే?" అంటూ పెట్టె మీదికి వంగి భోరుమంది. రాజమండ్రి చేరేదాకా ఆ ఏడుపు ఆగలేదు. అశ్విని ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

ఆఫీసులో పెట్టెను అరలో పెట్టించి, చిట్టెమ్మ బస్సెక్కి ఇంటికొచ్చింది. భీమరాజు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"ఇంత పొద్దుపోయిందేంటే?"

"పిల్ల చచ్చిపోయిందయ్యా," అంది.

ఏ పిల్ల అని అతను అడగలేదు. పక్కకి జరిగి చోటిచ్చాడు.